అమెరికా సమ్మర్ క్యాంప్‌లో కోచ్‌గా వాలంటీర్ చేయడానికి టూరిస్ట్ వీసా సరిపోతుందా?

టూరిస్ట్ వీసా మీద మాత్రం వెళ్లకండి, ఎయిర్‌పోర్టులోనే ఇబ్బంది పడతారు. దీనికోసమే జె-1 వీసాలో (ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాముల మీద వెళ్లేవాళ్లకి ఇచ్చేది) క్యాంప్ కౌన్సెలర్, అంటే క్యాంపులో పిల్లల్ని చూసుకుంటూ నేర్పేవాళ్లు, అని విడిగా కేటగిరీ ఉంది, 18 ఏళ్లు నిండాలి, ఇంగ్లీష్ బాగా రావాలి, గరిష్టంగా 4 నెలలు ఉండొచ్చు. ముందు స్పాన్సర్ సంస్థ (ఈ ప్రోగ్రాం నడపడానికి అమెరికా ప్రభుత్వం గుర్తించినది) మిమ్మల్ని తీసుకుని డీఎస్-2019 ఫారం, అంటే జె-1 వీసాకి మీరు అర్హులని చూపే పత్రం, ఇవ్వాలి, ఆ తర్వాతే కాన్సులేట్ ఇంటర్వ్యూ. ఇంకోటి, ఇది ఊరికే చేసే పని కాదు, అక్కడి కౌన్సెలర్లకి ఇచ్చినట్టే మీకూ డబ్బులివ్వాలి.

అసలు చూసుకోవాల్సింది డేట్లు, క్యాంపులు ఎక్కువగా జూన్ నుంచి ఆగస్టు దాకా నడుస్తాయి, మన కాలేజీలేమో అప్పటికే తెరిచేస్తారు, కాబట్టి ముందే ప్రిన్సిపాల్‌తో మాట్లాడుకోండి.

పగలు స్విమ్మింగో ఆర్చరీయో నేర్పి పక్కకెళ్లిపోతే అయిపోదు, చాలా చోట్ల రాత్రి పిల్లల క్యాబిన్‌లోనే పడుకోవాలి, మొదటి రాత్రుల్లో అమ్మ కావాలని ఏడ్చే పిల్లాడి పక్కన కూర్చునేది కూడా మీరే. కానీ ఏ పిల్లాడితోనూ తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఆ రూల్ చాలా సీరియస్‌గా చూస్తారు, అలా చూడడమే కరెక్ట్ కూడా.