4 గెలిచి 21 ఓడిన జట్టు నీ చేతికొచ్చింది, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు అమెరికాలో కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి కోచ్‌గా చేరావు, అదీ పోయిన సీజన్లో 4 గెలిచి 21 ఓడిన జట్టుకి. మొన్న ఫోన్లో "పెద్దమ్మా, నిజం చెప్పు, ఈ జట్టు బాగుపడుతుందంటావా?" అని నువ్వు అడిగితే, "ఎందుకు పడదే, నువ్వు వెళ్ళావుగా" అనేసి పెట్టేశాను. పెట్టాక నాకే సిగ్గేసింది. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో పీడీగా, అంటే ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్‌గా, చేసినదాన్ని, పక్కింటావిడలా ఒక పొడిమాట చెప్పి తప్పించుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇది.

బాగుపడుతుంది. కాకపోతే ఎన్నాళ్ళకి, ఎవరి డబ్బుతో, ఎవరి ఓపిక మీద అన్నది నువ్వు ముందే తేల్చుకోవాలి.

నార్త్ కరోలినాలో నేనిప్పుడు ఉంటున్న కేరీలో మీ అక్క ఇంటికీ, డ్యూక్ యూనివర్సిటీ ఉన్న డర్హమ్‌కీ మధ్య అరగంట దారి. ఇక్కడ మన సరుకుల కొట్లో బిల్లు వేసే కుర్రాడు కూడా డ్యూక్ జట్టు గొప్పా, యూఎన్‌సీ (నార్త్ కరోలినా యూనివర్సిటీ) జట్టు గొప్పా అని వాదన పెట్టుకుంటాడు. కోచ్ కే అని అందరూ పిలిచే డ్యూక్ పాత కోచ్ మైక్ షషెఫ్‌స్కీ 5 జాతీయ టైటిళ్ళు కొట్టాడని అప్పజెబుతాడు. ఆయన మొదటి మూడేళ్ళ సంగతి మాత్రం ఎత్తడు. 1980లో ఆయన ఆర్మీ జట్టు నుంచి వచ్చాడు. వచ్చే ముందు సీజన్లో అక్కడ 9 గెలిచి 17 ఓడాడు. అలాంటివాణ్ణి తెచ్చుకున్నారు! డ్యూక్‌లో మొదటి ఏడు 17-13 (17 గెలుపులు, 13 ఓటములు), రెండో ఏడు 10-17, మూడో ఏడు 11-17. ఆ మూడో ఏడు చివర ఏసీసీ అనే తమ కాలేజీల కూటమి టోర్నీలో వర్జీనియా చేతిలో 109-66తో చిత్తయ్యారు. ఆ రాత్రి డెన్నీస్ హోటల్లో కూర్చున్నప్పుడు ఎవరో గ్లాసెత్తి ఈ రాత్రిని మరిచిపోదాం అన్నారట. మరిచిపోకూడదు అన్నాడట కోచ్ కే.

ఈ కథ చెప్పేవాళ్ళంతా ఆయన పట్టుదలని మెచ్చుకుంటారు. నేను మాత్రం టామ్ బటర్స్ అనే ఆయనకి దణ్ణం పెడతాను. అప్పట్లో డ్యూక్ అథ్లెటిక్ డైరెక్టర్, అంటే ఆటల విభాగం పెద్ద, ఆయన. డబ్బిచ్చే పాత విద్యార్థులు కోచ్‌ని తీసేయమని గోల పెడుతుంటే, 1984 జనవరిలో ఒప్పందం పొడిగించాడు. ఆ ఏడు జట్టు 24 గెలిచింది. 1986లో ఫైనల్‌కి వెళ్ళి లూయీవిల్ చేతిలో 3 పాయింట్లతో ఓడింది. మొదటి టైటిల్ 1991లో వచ్చింది, అంటే పదకొండో సీజన్లో. నాలుగో ఏడు మధ్యలో తీసేసి ఉంటే ఈ కొట్టు కుర్రాడికి వాదించడానికి ఏమీ ఉండేది కాదు.

కాబట్టి బంతి ముట్టుకునే ముందు మీ అథ్లెటిక్ డైరెక్టర్ గదికి వెళ్ళు. "మూడో ఏడాది చివర ఏం చూసి నన్ను ఉంచుకుంటారు?" అని నోరు విడిచి అడుగు. గెలుపులే అంటే ఎన్ని అని అడుగు. పిల్లలు మానేయకుండా ఉండటమా, మార్కులా, కొత్తగా చేరేవాళ్ళ సంఖ్యా, అదీ అడుగు. బయటికొచ్చాక "మనం అనుకున్నవి ఇవి" అని మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టు. మన ఆడపిల్లలకి ఉద్యోగం ఇచ్చారన్న కృతజ్ఞతలో ఈ ప్రశ్న గొంతు దాటదు. నాకూ దాటలేదు. అందువల్లే ఒక ప్రిన్సిపాల్ రెండేళ్ళు నా పిల్లలకి టీఏ, డీఏ ఇవ్వకుండా, "ఓడిపోయే ఆటకి ఖర్చెందుకమ్మా" అంటూ తిప్పారు.

నీకు చుట్టూ కనిపించే ఉదాహరణలతో జాగ్రత్త. కిమ్ మల్కీ 2021లో ఎల్‌ఎస్‌యూకి (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీకి) ఆడపిల్లల జట్టు కోచ్‌గా వచ్చేనాటికి ఆ జట్టు 9-13. మొదటి ఏడే 26-6 చేసింది, రెండో ఏడు, 2023లో, అయోవాని 102-85తో కొట్టి టైటిల్ పట్టుకుపోయింది. మగపిల్లల వైపు మిషిగన్ 8-24కి పడిపోయింది. 2024లో డస్టీ మే కోచ్‌గా వచ్చి మరుసటి సీజన్లోనే 27-10 చేశాడు. ఇవి చూసి మీ కాలేజీ వాళ్ళకీ ఆశ పుడుతుంది. అయితే వీళ్ళు చేసింది వేరే పని. 2021 నుంచి ఆటగాళ్ళు ఒకసారి కాలేజీ మారినా ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు, తమ పేరూ ఫోటో వాడుకోనిచ్చి డబ్బూ సంపాదించుకోవచ్చు. ఏంజెల్ రీస్ మేరీలాండ్ నుంచి ఎల్‌ఎస్‌యూకి వచ్చింది అలాగే. డస్టీ మే వెనకే అతని పాత జట్టులో సెంటర్ స్థానంలో ఆడే పొడుగు కుర్రాడు వచ్చేశాడు, యేల్ నుంచి ఇంకొకడు వచ్చాడు. అది కొత్త ఇల్లు కొనుక్కోవడం. నీది డివిజన్ 3, కాలేజీ ఆటల్లో మూడో అంచె. ఆటకని ఇచ్చే స్కాలర్‌షిప్ ఒక్క డాలరు కూడా ఉండదు. నువ్వు కారుతున్న పెంకుటింటికి పెంకులు నేసుకోవాలి, వానాకాలంలో, అందులోనే కాపురం ఉంటూ.

నీకు దగ్గరైన మనిషి డాన్ స్టేలీ. సౌత్ కరోలినా యూనివర్సిటీ ఆడపిల్లల జట్టుకి 2008లో కోచ్‌గా చేరింది. మొదటి ఏడు 10-18. మొదటి టైటిల్ 2017లో వచ్చింది. 2024లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 38-0. ఆ 10-18 ఏడాదిలో ఆవిడ రాత్రిళ్ళు ఏం ఆలోచించి ఉంటుందా అని నాకు కుతూహలం.

ఇంకో మాట. "నేను బెంచి మీద కూర్చున్నదాన్నేగా, నా మాట వింటారా" అని నువ్వు గొణిగావు. జార్జ్‌టౌన్ యూనివర్సిటీకి ఆటగాడిగా 1984లో టైటిల్ తెచ్చిన పాట్రిక్ ఈవింగ్, అంత మహానుభావుడు, అదే కాలేజీకి కోచ్‌గా ఆరేళ్ళు చేసి 75 గెలిచి 109 ఓడాడు. ఒక సీజన్లో బిగ్ ఈస్ట్ అనే తమ కూటమి మ్యాచ్‌ల్లో 19కి 19 ఓడారు. ఆడటం వేరు, ఆడించడం వేరు. బెంచి మీద నాలుగేళ్ళు కూర్చున్నవాళ్ళకి కోచ్ ఏ నిమిషంలో గాభరా పడుతుందో, ఎవరి మొహం ఎప్పుడు వాడిపోతుందో తెలుస్తుంది.

ఇక నా సంగతి. 1987లో ఉద్యోగంలో చేరాను. సిమెంటు కోర్టు, అరిగి నున్నబడిన బంతులు రెండు. సాయంత్రం అయితే ఇళ్ళలో ఒప్పుకోరని పొద్దున్న ఐదున్నరకి ప్రాక్టీసు. మొదటి అంతర్ కళాశాలల మ్యాచ్‌లో 58-11తో ఓడిపోయాం. నన్ను కాల్చింది స్కోరు కాదు. బెంచి మీద మా పిల్లలు నవ్వుకుంటూ జడలు అల్లుకుంటున్నారు. బస్సులో అరిచాను, బాగా అరిచాను. మర్నాడు ఇద్దరు రావడం మానేశారు. అందులో ఒకతి జట్టుమొత్తానికి ఎడమచేత్తో లే-అప్ (బాస్కెట్ దగ్గరికి పరిగెత్తి వేసే షాట్) వేయగలిగిన ఒకే ఒక్క పిల్ల.

ఆ నవ్వు ఏమిటో నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఓడిపోతామని ముందే తెలిసినవాళ్ళు, మేం గెలవాలనుకోలేదులే అని లోకానికి చెప్పుకునే పద్ధతి అది. మీ పిల్లలు జడలు అల్లుకోరు. గుండె మీద చెయ్యేసి "మై బ్యాడ్", తప్పు నాదే, అంటూ నడుస్తారు. చూడు, ఆ నడకే చూడు. షాట్ తప్పాక వెనక్కి పరిగెత్తుతున్నారా, నడుస్తున్నారా? పాత వీడియోల్లో స్కోరు మూసేసి ఇదొక్కటే లెక్కపెట్టు. రెండో సీజన్లో నేను మిగతావన్నీ పక్కనపెట్టి ఈ ఒక్కదాని మీదే పడ్డాను. షాట్ వేసిన క్షణం నుంచి ఐదుగురూ మన బాస్కెట్ కిందికి చేరేదాకా పైకి లెక్క: ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దాటితే అందరం మళ్ళీ. షాట్ వేసిన పిల్లని ఒక్కదాన్నే పరిగెత్తించకు, అప్పుడు షాట్ వేయడమే మానేస్తుంది. ఈ తప్పు నేను చేశాను. ఆ ఏడు 58-11 కాస్తా 34-27 అయ్యింది. ఓటమే, కానీ ఆ సాయంత్రం బస్సులో ఎవరూ నవ్వలేదు, ఒకతి ఏడ్చింది. నేను మీ పెదనాన్నకి ట్రంక్ కాల్ చేసి సంతోషంగా చెప్పాను, ఆయనకి బొత్తిగా అర్థం కాలేదు.

అంకెల మీద నీకు నాకన్నా పట్టు ఉంది. బాస్కెట్‌బాల్ అంకెల పండితుడు డీన్ ఆలివర్ చెప్పిన నాలుగు లెక్కలు తెలిసే ఉంటాయి: షూటింగ్‌కి 40 శాతం, బంతి పోగొట్టుకోవడానికి 25, రీబౌండ్లకి (తప్పిన షాట్ బంతిని పట్టుకోవడానికి) 20, ఫ్రీ త్రోలకి (ఫౌల్ అయితే ఇచ్చే షాట్లకి) 15. గెలుపులో దేని వాటా ఎంతో చెప్పాడు. మామూలుగా అందరూ పెద్దదాని వెంట పడతారు. నువ్వు పడకు. షూటింగ్ చేయి కుదరడానికి ఏళ్ళు పడుతుంది. బంతి పోగొట్టుకోకపోవడం, ఎదుటి పిల్లని వీపుతో అడ్డుకుని రీబౌండ్ పట్టడం ఒక్క సీజన్లో వస్తాయి. సులువుగా పోయే పాసులు తగ్గిస్తే, ఆ బంతులు ఎదుటివాళ్ళకి లే-అప్పులు కావు.

పాత పిల్లలందరితో విడివిడిగా అరగంట కూర్చో. గదిలో వద్దు, నడుస్తూ మాట్లాడు. "ఎందుకు ఓడారు" అనకు, పాత కోచ్ మీద చాడీలు మొదలవుతాయి. నువ్వు తలాడించావంటే రెండేళ్ళ తర్వాత నీ మీదా అలాగే చెబుతారు. "ఏ మ్యాచ్‌లో ఇంక మన వల్ల కాదు అనిపించింది?" అని అడిగి రాసుకో. ముగ్గురు ఒకే మ్యాచ్ చెబితే అక్కడ ఏదో విరిగిందన్నమాట.

మ్యాచ్‌ల పట్టిక కూడా జాగ్రత్తగా వేసుకో. మీ కాన్ఫరెన్స్, అంటే మీ కాలేజీల కూటమి, మ్యాచ్‌లు నీ చేతిలో ఉండవు. మిగతావి నువ్వే కుదుర్చుకుంటావు కదా. పేరున్న జట్లతో ఆడి అనుభవం తెచ్చుకుంటాం అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. నీకు సమానమైనవాళ్ళని, కొంచెం తక్కువవాళ్ళని మొదట పెట్టుకో. పిల్లలకి డిసెంబరులోపు గెలుపు రుచి తెలియాలి. బేలర్ యూనివర్సిటీలో స్కాట్ డ్రూ 2003లో కోచ్‌గా చేరేసరికి ఆ జట్టులో ఒక పిల్లవాడు హత్యకి గురయ్యాడు, పాత కోచ్ కుంభకోణంలో పడి ఉద్యోగం వదిలాడు. శిక్షగా 2005-06లో కాన్ఫరెన్స్ బయటి మ్యాచ్‌లు ఒక్కటి కూడా ఆడనివ్వలేదు. సులువైన గెలుపు ఒక్కటైనా దొరకని సీజన్ అది. అయినా వాళ్ళు అతణ్ణి ఉంచారు. 2021లో అప్పటిదాకా ఓటమి ఎరగని గొన్జాగా యూనివర్సిటీ జట్టుని 86-70తో కొట్టి టైటిల్ గెలిచాడు. లెక్క వేసుకో, పద్దెనిమిదేళ్ళు.

తల్లిదండ్రుల ఫోన్లు మ్యాచ్ అయిన రోజు ఎత్తకు. మర్నాడు సాయంత్రం మాట్లాడతానని మొదటి మీటింగులోనే చెప్పేయ్. చిన్న పనులని చిన్నచూపు చూడకు. యూసీఎల్‌ఏలో (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో) పాతకాలం కోచ్ జాన్ వుడెన్ మొదటి రోజు సాక్సు ముడత లేకుండా ఎలా తొడుక్కోవాలో నేర్పేవాడు, పొక్కులొస్తే ఆడలేరని. అంతటివాడికీ మొదటి టైటిల్ పదహారో సీజన్లో వచ్చింది. నేను గోళ్ళు చూసేదాన్ని. పిల్లలు నన్ను వెనకాల గోళ్ళ మేడమ్ అనేవారు, నాకు తెలుసు.

అన్నం సరిగా తిను. మీ అమ్మకి స్కోరు చెప్పకు, ఆవిడ దిగులు పెట్టుకుని నాకు ఫోన్ చేస్తుంది.

పోయిన సీజన్లో 6 పాయింట్లలోపు తేడాతో ఓడిన మ్యాచ్‌లు ఏవో వెతికి, వాటిలో మూడింటి వీడియోలు నాకు పంపు. ఘోరంగా ఓడినవి వద్దు. మీ బావ టీవీకి కలిపి పెడతానన్నాడు. ఆఖరి ఐదు నిమిషాల్లో ఎవరు నడుస్తున్నారో, ఎవరు పరిగెత్తుతున్నారో నేను రాసి ఉంచుతాను. ఆదివారం మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ