పాత విమానమని తీసిపారేయొద్దు

కర్నూలు

అబ్బీ,

నీ ప్రాజెక్టు చదివాను. డకోటా విమాన ప్రమాదాలన్నిటికీ 'విమానం పాతది కాబట్టి' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. డకోటా అంటే 1935లో మొదటిసారి ఎగిరిన డీసీ-3 అనే రెండింజన్ల విమానమే. సైన్యం కోసం పెద్ద తలుపు, గట్టి నేల పెట్టి వేలల్లో కట్టారు. 1947 అక్టోబరులో శ్రీనగర్‌కు మన సిపాయిలను చేర్చిందీ అదే. వయసు నిజమే గానీ, రిపోర్టులో అక్కడే ఆగిపోతే ఎలా?

మూడు డకోటా ప్రమాదాల విచారణ రిపోర్టులు పక్కపక్కన పెట్టుకో. 1996లో నెదర్లాండ్స్ సముద్రంలో పడి 32 మంది పోయారు. 2013లో కెనడాలోని ఎల్లోనైఫ్‌లో 24 మందీ బతికి బయటపడ్డారు. 2019లో కొలంబియాలో 14 మంది పోయారు. మూడింట్లోనూ ఒక ఇంజనే పోయింది. రెండోది బాగానే ఉంది. మరి ఎందుకు పడ్డాయి? ఆగిన ఇంజన్ ప్రొపెల్లర్ సరిగా ఫెదర్ కాలేదు.

ఫెదర్ అంటే, మొన్న బైక్ వెనక కూర్చుని ప్లైవుడ్ ముక్క తెచ్చావు చూడు, అదే. వెడల్పు గాలికి ఎదురుపెడితే బండిని వెనక్కి లాగింది. అంచు తిప్పి పట్టాక సాఫీగా పోయింది. ఆగిన ఇంజన్ ప్రొపెల్లర్ రెక్క కూడా అలా అంచు గాలికి ఎదురయ్యేలా తిరగాలి. ఎల్లోనైఫ్‌లో దాన్ని తిప్పే పంపు బేరింగే బిగుసుకుపోయి ఉంటుందని తేల్చారు. అవసరం పడేదాకా పని లేని పంపు కదా! దానికి తోడు బరువు లెక్క సరిగా వేయకుండానే లేపారు, పరిమితి దాటింది. అక్కడ ఇంజన్ పోవడానికి కారణమైన సిలిండర్ పగులు వయసువల్లే అనుకో, బరువు లెక్క వేయకపోవడం కూడా వయసువల్లేనా?

రేపు నువ్వు ఇలా సిలిండర్లు చుట్టూ గుండ్రంగా ఉండే ఇంజన్ మీద చెయ్యి వేసేటప్పుడు తొందరపడొద్దు. స్టార్ట్ చేసేముందు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి, కింది సిలిండర్లలో నూనె చేరి ఉంటుంది. నేనూ ఓ పొద్దున ప్రొపెల్లర్‌ను నాలుగు రెక్కల లెక్కన తిప్పి చాల్లే అనుకున్నాను. మా సీనియర్ ఇంకా తిప్పమన్నాడు. ఐదో రెక్క దగ్గర బిగుసుకుంది. కింది ప్లగ్గు విప్పితే లోటాడు నూనె దిగింది. అలాగే స్టార్ట్ చేసి ఉంటే పిస్టన్ రాడ్డు వంగేది, అది ఆ రోజు కాకపోయినా గాల్లో ఎప్పుడో విరిగేది.

ఆ మొదటి వాక్యం కొట్టేసి మళ్లీ పంపు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా అద్దాలు ఇంకా మార్పించలేదు.

మీ తాత