స్కాన్‌లో ఫాలికల్స్ కనిపించినా అండాలు ఎందుకు దొరకవు?

ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ బేబీ చికిత్స) గురించి ఒకరు, స్కాన్‌లో ఫాలికల్స్ బాగానే ఉన్నాయన్నారు, తీరా పికప్ రోజు (సూదితో అండాలు బయటకు తీసే రోజు) ఒక్క అండమూ రాలేదు, ఇదెలా అని అడిగారు.

స్కాన్‌లో కనిపించేవి అండాలు కావు, నీటి సంచులు. అండం లోపలి గోడకు అంటుకుని ఉంటుంది. అండాన్ని చివరిగా పక్వం చేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ పనిచేస్తేనే అది వదులై, సుమారు 34–36 గంటల తర్వాత ద్రవంతో పాటు సూదిలోకి వస్తుంది.

అందుకే ముందు అనుమానించాల్సింది ట్రిగ్గర్‌నే. టైమ్ తప్పి ఉండొచ్చు, డోసు పూర్తిగా వెళ్లకపోయి ఉండొచ్చు, ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు వేడికి పాడై ఉండొచ్చు (మన ఎండాకాలంలో ఇది చిన్న విషయం కాదు). ట్రిగ్గర్‌గా హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇచ్చి ఉంటే పికప్ రోజే రక్తపరీక్షలో తెలిసిపోతుంది. అది బాగా తక్కువగా ఉంటే, ఒకవైపు అండాశయంతో ఆపేసి, మళ్లీ ఇంజెక్షన్ ఇచ్చి రెండోవైపు నుంచి అండాలు తీసిన సందర్భాలున్నాయి. ల్యూప్రోలైడ్ లాంటి ట్రిగ్గర్ అయితే చూడాల్సింది శరీరమే విడుదల చేసే ఎల్‌హెచ్ అనే హార్మోన్.

హార్మోన్లు సరిగా ఉన్నా రాకపోతే అది అసలైన ఎంప్టీ ఫాలికల్ సిండ్రోమ్. 1986లో తొలిసారి వర్ణించారు, చాలా అరుదు. పదేపదే జరిగితే జన్యుపరీక్ష ఆలోచించాలి.

ఒక్కసారి ఇలా అయిందని డోనర్ అండాలకు తొందరపడి ఒప్పుకోకండి. ట్రిగ్గర్ ఇచ్చిన టైమ్, ట్రిగ్గర్ తర్వాత చేసిన హార్మోన్ రిపోర్టు ముందు అడిగి తీసుకోండి.