వైజాగ్‌లో పాత చర్చిలు చూడాలంటే ఎటు వెళ్లాలి?

బీచ్ రోడ్డులో వెతక్కండి, నేరుగా పాత ఊరికి పోండి. నన్నడిగితే ముందు రాస్ హిల్ ఎక్కాలి. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, కొండకి ఆ పేరే మిగిలింది, తర్వాత ఆ ఇల్లే మేరీమాత గుడి అయ్యింది. పక్క కొండల్లో ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఇంకోదాని మీద వెంకన్న గుడి, కింద ఓడలు లోపలికొచ్చే దారి, అటువైపు డాల్ఫిన్స్ నోస్ కొండ. సాయంత్రం ఎక్కితే ఎండ బాధ ఉండదు.

క్యాథలిక్కుల సంగతికొస్తే ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు 1846లో ఇక్కడ దిగారు, మరుసటి ఏడే సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. అంతకంటే ముందే, 1805లో, లండన్ మిషన్ అనే ప్రొటెస్టంట్ సంస్థ నుంచి క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తల్ని అనువదించే పనిలో పడ్డారు.