హైవేపై కార్లు ముందు వాహనాన్ని వెనుక నుంచి ఎందుకు ఢీకొంటాయి, దాని ఫలితమేమిటి?

చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై ఇలాంటి ప్రమాదాలకు ఒక ముఖ్య కారణం ముందు వాహనానికి తగినంత ఎడం పాటించకపోవడం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు పోతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, పొడి రోడ్డు మీద కూడా బండి పూర్తిగా ఆగేసరికి సుమారు 100 మీటర్లు గడిచిపోతాయి. వాన కురిస్తే ఇంకా ఎక్కువ.

రాత్రివేళ అసలు ముప్పు ఆగి ఉన్న లారీ. టైరు పంక్చరైన లారీని రోడ్డు అంచున, వెనుక లైట్లు వేయకుండా నిలిపి, హెచ్చరికగా నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ పెడతారు. హెడ్‌లైట్ల వెలుగులో ఆ కొమ్మ కంటపడేసరికి బ్రేకు వేసే వ్యవధి మిగలదు. లారీ వెనుక భాగం ఎత్తుగా ఉంటుంది కనుక, కింద అమర్చే అడ్డకడ్డీ లేకపోయినా, వంగిపోయినా, కారు బానెట్ లోపలికి దూరి దెబ్బ నేరుగా అద్దానికి, ముందు సీట్లలోని వారి తలలకు తగులుతుంది. ఈ రకం ప్రమాదమే అత్యంత ఘోరమైనదని నా అభిప్రాయం.

వెనుక నుంచి దెబ్బ తిన్న కారులో మాత్రం సీటు మొండేన్ని హఠాత్తుగా ముందుకు నెడుతుంది, తల వెనుకే ఉండిపోతుంది; అందువల్ల మెడ కండరాలు, కీళ్లు సాగి గాయపడతాయి. నొప్పి మరునాటికి గానీ తెలియకపోవచ్చు. చేతులు తిమ్మిరెక్కితే వెంటనే వైద్యునికి చూపించాలి. హెడ్‌రెస్టును తల పైభాగం ఎత్తుకు సరిచేసుకుంటే ఈ గాయం ముప్పు తగ్గుతుంది.