కారు బ్యాటరీ కేబుల్‌ను ఇంట్లోనే జాగ్రత్తగా మార్చుకోవడం ఎలా?

మార్చుకోవచ్చు, వరస తప్పకపోతే చాలు. ఇంజిన్ ఆపి, తాళంచెవి బయటికి తీసి, ఉంగరం, వాచీ పక్కన పెట్టండి. ముందుగా మైనస్ కేబుల్ ఊడదీయాలి. ఇది మాత్రం మరవొద్దు: మైనస్ ఉండగా ప్లస్ నట్టు తిప్పే స్పానర్ కారు బాడీకి తగిలితే షార్టయి రవ్వలు లేస్తాయి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ అంటుకుంటే పేలొచ్చు కూడా. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున.

కొత్త కేబుల్ పాతదానంత మందం ఉండాలి. సన్నదైతే స్టార్టర్ (ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు) గుంజుకునే కరెంటుకు వేడెక్కిపోతుంది.

మన కోనసీమ, నరసాపురం వైపు ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్ల (కేబుళ్లు బిగించే కొసల) మీద పచ్చటి పొడి త్వరగా పేరుకుంటుంది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, వంటసోడా నీళ్లలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పూర్తిగా ఆరాక బిగించి, పైన వ్యాజిలిన్ రాయండి.