షుగర్ లేని ఆరోగ్యవంతులకు కూడా చిన్న గాయం ప్రాణం మీదికి తెస్తుందా?

తెస్తుంది, చాలా అరుదే కానీ, ఏ జబ్బూ లేని మనిషికి కూడా ముల్లు గుచ్చుకున్నంత చిన్న గాయం నుంచి నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ అనే ప్రాణాంతక ఇన్ఫెక్షన్ రావచ్చు. గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ లాంటి బ్యాక్టీరియా చర్మం దాటి, కండరాన్ని కప్పి ఉండే పొరలోకి చేరుతుంది. ఆ పొరకు రక్త సరఫరా తక్కువ, కాబట్టి అక్కడ గంటల్లోనే పాకిపోతుంది. సన్న రక్తనాళాలు మూసుకుపోయి లోపలి కణజాలం చచ్చిపోతుంది. రక్తం చేరని చోటికి మందూ చేరదు. అందుకే నరం ద్వారా యాంటీబయాటిక్స్ ఇస్తూనే, ఆపరేషన్ చేసి చచ్చిన భాగం తీసేయాల్సి వస్తుంది.

మిర్యాలగూడ దిక్కు వరి మడిలో నాటు వేస్తుంటే పిక్కకు తుమ్మ ముల్లు దిగిందనుకోండి. మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఈ ఇన్ఫెక్షన్ అయితే మర్నాటికి పైన కాస్త ఎరుపు, వాపు, అంతే. నొప్పి మాత్రం చెయ్యి తగలనివ్వదు, జ్వరం, వణుకు. పైకి కనిపించే దానికీ నొప్పికీ పొంతన లేకపోవడమే అసలు గుర్తు. చర్మం నల్లబడి పొక్కులు లేచేదాకా ఆగొద్దు, వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

చీము పడితేనే ఇన్ఫెక్షన్ అని చాలామంది పసుపు పట్టించి ఎదురుచూస్తారు. ఇందులో చీము అసలు కనిపించకపోవచ్చు.